టెస్ట్ ఫ్రీ, కండోమ్ ఫ్రీ, అయినా జనం ఎందుకు వస్తలేరంటే

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఇక్కడ హైదరాబాద్‌ల ఒక ఎన్జీవోల మేనేజర్‌గ చేరి నాలుగు నెలలైందన్నవ్, సెక్స్ వర్కర్లు, ట్రాన్స్ వాళ్లు, మగవాళ్లతో సంబంధం ఉండే మగవాళ్లు, వీళ్లల్ల హెచ్ఐవీ నివారణ నీ పని. టెస్ట్ ఫ్రీ, కండోమ్ ఫ్రీ, మందులు ఫ్రీ, అయినా పది మందిని పిలిస్తే ఇద్దరు కూడా వస్తలేరు, అవగాహన లేదేమో, దాత ఒకాయన ఇచ్చిన 60 వేలు ఉన్నయ్, డిసెంబర్ 1, ఎయిడ్స్ దినానికి ర్యాలీ, బ్యానర్లు, ఒక సదస్సు పెడితే ఎట్లుంటది అని అడిగినవ్. నువ్వు అంటున్నందుకు ఏమనుకోకు, నా పెద్ద కొడుకు వయసుంటవ్. నేను 2005ల ఓఆర్‌డబ్ల్యూగ, అంటే బయట తిరిగి మనుషుల్ని కలిసే ఔట్‌రీచ్ వర్కర్‌గ, మొదలువెట్టిన, ఇప్పుడు కౌన్సెలర్‌గ చేస్తున్న, మధ్యల ఎన్ని ప్రాజెక్టులు మూతపడ్డయో ఎన్ని మళ్ల తెరుచుకున్నయో. చూసింది చూసినట్టు చెప్తా.

ర్యాలీ వద్దు. బ్యానర్ అసలే వద్దు. నువ్వు పిలుస్తున్న మనుషులకి అవగాహన లేక కాదు రానిది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర పదేళ్లుగ పని చేస్తున్న అక్కని అడుగు, కండోమ్ ఎట్ల వాడాలె, చినిగితే ఏం చెయ్యాలె, టెస్ట్ ఎన్ని నెలలకి చేయించుకోవాలె, నీకంటే నాకంటే మంచిగ చెప్తది. ఆమెకి తెల్వనిది ఏం లేదు, ఆమె దగ్గర లేనిది టైము. రాత్రి పని అయ్యి ఇంటికొచ్చేసరికి మూడో నాలుగో అయితది, పొద్దున పిల్లల్ని బడికి పంపి పండుకుంటది, లేచేసరికి పన్నెండు. వంట, నీళ్లు, అత్త మందులు. ఇగ అప్పుడు బస్సెక్కి పెద్దాసుపత్రికి పోయి ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టు చేసే రూము, ఎక్కడుందని అడిగేసరికి మూడు దాటుతది, నాలుగైతే తాళం. లేదు పొద్దుగాలనే పోవాలంటే నిద్ర చంపుకోవాలె, ఆ రాత్రి పని పోతది, గిరాకీ పోతే ఆ రోజు కిస్తీ కట్టేదెట్ల. ఇంక వాచ్‌మన్ నలుగురి ముందర గట్టిగ "ఏం టెస్టమ్మా" అని అడుగుతడు చూడు, ఆ ఒక్క మాటకి గేటు నుంచే వెనక్కి తిరిగి పోయిన వాళ్లని నేను చానా మందిని చూసిన. మన రిజిస్టర్ల మాత్రం "రిఫర్ చేసినం, రాలేదు" అని రాసుకుంటం.

అందుకే మొట్టమొదట అడగాల్సింది వాళ్లు ఎందుకు వస్తలేరు అని కాదు, మనం ఎన్ని గంటలకి తెరుస్తున్నం అని. మా దగ్గర ఒక సంవత్సరం డ్రాప్ ఇన్ సెంటర్, అంటే వాళ్లు వచ్చి కాసేపు కూసొని పోయే మన సెంటర్, పొద్దున పది నుంచి అయిదు దాకా ఉండె, ఈగలు తోలుకుంటూ కూసునేటోళ్లం. తర్వాత వారంల రెండు రోజులు సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా మార్చినం, స్టాఫ్‌కి ఆ రెండు రోజులు పొద్దున సెలవు, ఆడ స్టాఫ్‌ని ఆటోల ఇంటికాడ దించుడు, గంతే, కొత్త బిల్డింగ్ లేదు కొత్త మనిషి లేడు, పనికి పోయే ముందు ముఖం కడుక్కొని తయారవ్వడానికి వచ్చేటోళ్లు, తయారవుతనే వేలికి సూది గుచ్చించుకొని ఇరవై నిమిషాల్ల రిజల్ట్ చూసుకొని పోయేటోళ్లు. వేలి మీద గుచ్చి చేసే స్క్రీనింగ్ ట్రైనింగ్ తీసుకున్న టీఐ (టార్గెటెడ్ ఇంటర్వెన్షన్, మన లాంటి ప్రాజెక్టు) స్టాఫే బయట చెయ్యొచ్చు, రియాక్టివ్, అంటే హెచ్ఐవీ ఉండొచ్చని, వస్తేనే ఐసీటీసీల కన్ఫర్మ్ చేయించాలె. ఈ వెసులుబాటు ఉన్నా చానా ఎన్జీవోలు ఇంకా జనాన్నే ఆసుపత్రికి నడిపిస్తున్నయ్.

ఇదంతా ఎందుకింత గట్టిగ చెప్తున్ననంటే, 2023 లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద పెద్దవాళ్లల్ల హెచ్ఐవీ 0.20 శాతం ఉంటే మన తెలంగాణల 0.44, పక్కన ఆంధ్రల 0.62. 2021 సర్వైలెన్స్‌ల దేశవ్యాప్తంగ సెక్స్ వర్కర్లల్ల 1.85 శాతం, మగవాళ్లతో సంబంధం ఉన్న మగవాళ్లల్ల 3.26, ట్రాన్స్ వాళ్లల్ల 3.78, సూదుల మీద డ్రగ్స్ తీసుకునేటోళ్లల్ల 9 దాటింది. అంటే మనం ఎవర్నైతే నాలుగింటికి తాళమేసి వెనక్కి పంపుతున్నమో, జబ్బు ఎక్కువ ఉన్నది వాళ్లల్లనే.

ఇంకో సంగతి, హైదరాబాద్ ముంబై లెక్క కాదు, కోల్‌కతా లెక్క కాదు. ఇక్కడ సెక్స్ వర్క్‌కి ఇదే ఏరియా అని చూపెట్టడానికి ఏం లేదు. ఒకప్పుడు పాతబస్తీల మెహబూబ్ కీ మెహందీ ఉండె, అది పోయినంక పని ఊరంతా చెదిరింది, లాడ్జీలు, కిరాయి ఇండ్లు, బస్టాండ్లు, ఇప్పుడైతే అంతా ఫోనే. నీ చేతుల ఉన్న హాట్‌స్పాట్ మ్యాప్, అంటే వాళ్లు దొరికే చోట్ల మ్యాప్, ఎప్పటిదో చూస్కో, రెండేండ్ల కిందటిదైతే సగం చోట్ల ఎవ్వరు ఉండరు, కొత్తగ వచ్చిన అమ్మాయిలు నీ లైన్‌లిస్ట్‌ల, అంటే ఒక్కొక్కరికి కోడ్ ఇచ్చి రాసుకున్న లిస్ట్‌ల, అసలే ఉండరు. వాట్సాప్‌ల గిరాకీ మాట్లాడుకునే అమ్మాయి నీ ఓఆర్‌డబ్ల్యూకి ఏ చెట్టు కింద దొరుకుతది చెప్పు. గ్రైండర్ లాంటి గే డేటింగ్ యాప్‌ల ఉండే పిల్లలు గచ్చిబౌలి, మాదాపూర్ హాస్టళ్లల్ల ఉంటరు, సాఫ్ట్‌వేర్ జాబ్, ఇంట్ల పెళ్లి సంబంధాలు చూస్తుంటరు, వాళ్లు మన డ్రాప్ ఇన్ సెంటర్ మెట్లు చస్తే ఎక్కరు. వాళ్ల కోసం అదే యాప్‌ల ప్రొఫైల్ పెట్టి, ఇది హెల్త్ ప్రొఫైల్ అని నిజం చెప్పి, అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పే ఒక పిల్లగాడు కావాలె, వాడు ఆ కమ్యూనిటీ వాడే అయ్యుండాలె. ఎవరో సార్ కూసొని జాగ్రత్తలు బోధిస్తే రెండో మెసేజ్‌కే బ్లాక్ చేస్తరు.

పీర్లే, అంటే ఆ కమ్యూనిటీ మనుషులే, ఈ పని చెయ్యాలన్నది కొత్త మాటేం కాదు, 1992ల కోల్‌కతా సోనాగాచీ రెడ్‌లైట్ ఏరియాల మొదలైంది, 2003 నుంచి గేట్స్ ఫౌండేషన్ అవాహన్ ప్రాజెక్టు వచ్చినప్పుడు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల కూడా ఊరూరా పీర్లతోనే నడిచింది. నేను పని నేర్చుకుంది కూడా ఒక పీర్ అక్క దగ్గరనే. ఆమె బడికి పోలేదు, బొమ్మల రిజిస్టర్ నింపేది, గీతలు గీసి లెక్క పెట్టేది, కానీ ఎవరికి జ్వరమొచ్చింది ఎవరు నెల తప్పింది ఎవరి మొగుడు కొడుతుండు అన్నీ ఆమెకి తెలుసు. ఇప్పుడు చూస్తే పీర్లకి ఇచ్చే డబ్బులు ఆటో ఖర్చులకి చాలవు, అవి కూడా మూడు నెలలు లేటు, టార్గెట్ మాత్రం టంచన్‌గ అడుగుతరు. టార్గెట్ కోసం భయపడి ఒక్కరికే నాలుగుసార్లు టెస్ట్ రాసిన పీర్లు ఉన్నరు, వాళ్లని తిట్టడం ఈజీ, నేనైతే వాళ్ల కంటే ముందు మీటింగుల కూసున్న మనల్ని అడుగుతా. నువ్వు మేనేజర్‌వి కాబట్టి నీ చేతుల ఉన్నది ఒకటి చెయ్, నెల మొదటి వారంలనే పీర్ పైసలు పడేటట్టు చూడు. మిగతా పనంతా వాళ్లు చూస్కుంటరు.

ట్రాన్స్ వాళ్ల గురించి జర ఎక్కువ చెప్పాలె, ఎందుకంటే తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ చేసినం. చానా ఏండ్ల కింద ఒక చెల్లెని నేనే వెంటబెట్టుకొని ఒక ఆసుపత్రికి తీస్కపోయిన, నీలం చీర, మంచిగ జడేసుకొని మల్లెపూలు పెట్టుకొని వచ్చింది, ఆధార్‌ల పాత పేరుంది, కౌంటర్ల ఆయన మైకుల ఆ మగ పేరు రెండుసార్లు పిలిచిండు. హాలంతా తిరిగి చూసింది. చెల్లె లేవలేదు, నా చెయ్యి పట్టుకొని "అక్కా పోదాం" అన్నది, పోయినం. తర్వాత మూడేండ్లు టెస్టు చేయించుకోలేదు, చేయించుకున్నప్పటికి పాజిటివ్, సీడీ4, అంటే రోగాన్ని తట్టుకునే కణాల లెక్క, బాగా పడిపోయింది. ఆ మైకు పిలుపుకి ఈ రిజల్ట్‌కి మధ్య నేను కూడా ఉన్న, ఎందుకంటే ముందు రోజు పోయి కౌంటర్ల మాట్లాడి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు లేకపోయె. ఇప్పుడైతే టోకెన్ నంబర్‌తోనే పిలవమని ముందే చెప్పి ఉంచుతం.

2021 జనవరిల నారాయణగూడల మిత్ర్ క్లినిక్ మొదలైనప్పుడు నేను చూడడానికి పోయిన, దేశంల ట్రాన్స్ వాళ్ల కోసం పెట్టిన మొదటి క్లినిక్ అది, నడిపేది ఎక్కువగ వాళ్లే. అక్కడ హార్మోన్ల గురించి అడగొచ్చు, చర్మం గురించి అడగొచ్చు, మనసు బాగలేకుంటే మాట్లాడొచ్చు, అట్ల మాట్లాడుతనే హెచ్ఐవీ టెస్ట్ కూడా అయ్యేది. మనమేమో హెచ్ఐవీ కోసమే పిలుస్తం, మనిషికి ఉన్న మిగతా బాధలు మన ఫార్మాట్ల ఉండవు కాబట్టి. 2025ల అమెరికా సాయం ఆగిపోయేసరికి అది మూతపడ్డది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ల తెరిచిన్రు, కానీ మధ్యల ఆ కొన్ని నెలలు మా ఫోన్లు ఆగలేదు. ఉస్మానియాల 2022 చివర్ల ఇద్దరు ట్రాన్స్ డాక్టర్లు మెడికల్ ఆఫీసర్లుగ చేరినంక కూడా తేడా కండ్లతోని చూసిన, కుర్చీల కూసున్న మనిషి ఎవరన్నదాన్ని బట్టి లైన్ల నిలబడే ధైర్యమొస్తది. ఇంకోటి గుర్తుంచుకో, డేరాల, అంటే వాళ్లంతా కలిసుండే ఇంట్ల, గురు ఒప్పుకోకుండ చేలాలు, అంటే శిష్యులు, రారు. ముందు గురువు దగ్గరికి పో, పండ్లో మిఠాయో పట్టుకపో, కూసో, మొదటి రోజు టెస్టు మాట ఎత్తకు. వాళ్లకి మన మీద అనుమానం ఎందుకుండదు, నిజాం కాలంల 1919ల చేసిన హిజ్రాల చట్టం, పేర్లు రిజిస్టర్ల రాసుకొని వారంట్ లేకుండ పట్టుకపోయే చట్టం, అది 2023 జులైల మన హైకోర్టు కొట్టేసేదాక పుస్తకాల మీదనే ఉన్నది. అందుకే నువ్వు రిజిస్టర్ తీస్తే వాళ్లు లేచిపోతరు.

పోలీసుల సంగతి కూడా చెప్పాలె. ఒకసారి మా పీర్ బ్యాగుల వంద కండోమ్‌లు ఉన్నయని రాత్రి స్టేషన్ల కూసోబెట్టిన్రు, ఐడీ కార్డు చూపెట్టినా వినలేదు, పొద్దున మేం పోయి విడిపించుకున్నం, తర్వాత రెండు నెలలు ఆ ఏరియాల ఒక్క అక్క కూడా కండోమ్ చేతుల పట్టుకోలేదు. ఇప్పుడు మన చేతుల ఒక కాగితం ఉంది, సుప్రీంకోర్టు 2022 మే 19న ఇచ్చిన ఆర్డర్, కండోమ్‌లు దొరికినయని దాన్ని నేరానికి సాక్ష్యంగ చూపొద్దు, సెక్స్ వర్కర్లని గౌరవంగ చూడాలె, అడ్రస్ ప్రూఫ్ లేకున్నా రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ ప్రాజెక్ట్ డైరెక్టర్ ఇచ్చే సర్టిఫికెట్ మీద ఆధార్ ఇయ్యాలె, అన్నీ అండ్ల ఉన్నయ్. ఆ ఆర్డర్ తెలుగుల ఒక పేజీకి రాయించి ప్రతి పీర్ బ్యాగుల పెట్టు. కొత్త ఎస్ఐ వచ్చిన ప్రతిసారి పోయి కలువు, గొడవైనంక కాదు, ముందే.

ఇగ నీ స్టాఫ్‌కి నిద్రల లేపి అడిగినా చెప్పేటట్టు నేర్పాల్సింది పెప్, అంటే రిస్క్ జరిగినంక హెచ్ఐవీ సోకకుండ వాడే మందు, దాని గురించి. కండోమ్ చినిగినా, బలవంతం జరిగినా, సూది గుచ్చుకున్నా 72 గంటల్లోపు మందు మొదలువెట్టాలె, ఎంత తొందరగ అయితే అంత మంచిది, గంటల్లోనే అయితే ఇంకా మంచిది, 28 రోజులు ఆపకుండ వాడాలె. ఒక శనివారం రాత్రి పదకొండింటికి నాకు ఒక పిల్లగాడు ఫోన్ చేసిండు, ఏడుస్తుండు, శుక్రవారం రాత్రి జరిగిందట. ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి పోతే అక్కడి డ్యూటీ డాక్టర్ సోమవారం ఓపీకి రమ్మన్నడట, వీడు సోమవారం సాయంత్రం డ్యూటీ అయినంక పోదామని ఫిక్సయ్యిండు, అంటే అప్పటికి 72 దాదాపు అయిపోతది. ఇంకో డాక్టర్‌ని నిద్ర లేపి చీటీ రాయించి రాత్రి తెరిచి ఉండే మెడికల్ షాపులు వెతికి ఆదివారం పొద్దుగాల ఆరింటికి మొదటి గోలీ మింగిచ్చినం. నెలన్నరకి, మూడు నెలలకి టెస్టులు నెగెటివ్ వచ్చినయ్. వాడికి నా నంబర్ దొరికింది కాబట్టి, మరి దొరకని వాళ్ల సంగతేంది. రాత్రిపూట ఎత్తే ఒక ఫోను, పెప్ దొరికే రెండు మూడు చోట్ల లిస్టు, అది నెలకోసారి ఫోన్ చేసి సరిచూసుకునుడు, ఇది నీ 60 వేలల్ల పట్టే పని. 1097 టోల్‌ఫ్రీ నంబర్ కూడా అందరి ఫోన్లల్ల సేవ్ చేయించు.

ప్రెప్ అంటే ముందుగనే వేసుకునే గోలీ, టెనోఫోవిర్ ఎమ్‌ట్రిసిటాబిన్ కలిసి ఉంటది, రోజుకొకటి. ముందు హెచ్ఐవీ నెగెటివ్ అని ఖాయం చేస్కోవాలె, కిడ్నీ టెస్టు, హెపటైటిస్ బి టెస్టు చేయించాలె, తర్వాత మూడు నెలలకోసారి మళ్ల టెస్ట్. వేసుకున్న రోజు నుంచే పని చెయ్యదు, కనీసం వారం పడతది, ఆడవాళ్లకి ఇంకొన్ని రోజులు ఎక్కువనే. సిఫిలిస్, గనేరియా, గర్భం, వీటిని ఆపదు కాబట్టి కండోమ్ బదులు కాదు, కండోమ్‌తో పాటు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022ల గైడ్‌లైన్స్ ఇచ్చింది, కానీ మన దగ్గర ఇప్పటికీ ఎక్కువగ డబ్బులు పెట్టి కొనుక్కునేటోళ్లే వాడుతున్నరు, అంటే మాదాపూర్ పిల్లగాడికి దొరుకుతది, స్టేషన్ దగ్గర అక్కకి దొరకదు. ఇంక ఆరు నెలలకోసారి ఇంజెక్షన్ వచ్చింది, లెనకపవిర్, 2025 జూన్‌ల అమెరికాల ఒప్పుకున్నరు, జులైల డబ్ల్యూహెచ్‌వో కూడా వాడమన్నది. ఆఫ్రికాల ఆడపిల్లల మీద చేసిన ట్రయల్‌ల ఈ సూది తీసుకున్న రెండు వేల పైచిలుకు మందిల ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదు. దాన్ని చవకగ, ఏడాదికి 40 డాలర్లకి, 2027 నుంచి చేస్తమన్న కంపెనీలు రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటెరో, రెండూ మన హైదరాబాద్‌వే. మన ఊర్ల తయారయ్యే మందు మన ఊరి అక్కలకి ఏ దారిల అందుతదని ఇప్పటినుంచే అడగాలె, ప్రతి రివ్యూ మీటింగ్‌ల లేచి అడగాలె, నేను అడుగుతున్న, నువ్వు కూడా అడుగు. రోజూ గోలీ వేసుకుంటే ఇంట్ల డబ్బా కనపడ్తది, మొగుడో అత్తనో అడుగుతది, ఆరు నెలలకో సూది అంటే ఎవ్వరికి తెల్వదు, ఆడవాళ్లకి ఇది ఎంత పెద్ద సంగతో వాళ్లతోని మాట్లాడితే తెలుస్తది.

పాజిటివ్ వచ్చిన వాళ్లని మర్చిపోయి నివారణ లేదు. ఏఆర్‌టీ, అంటే హెచ్ఐవీ మందులు, మంచిగ వాడి వైరల్ లోడ్ కనపడనంత తగ్గితే శృంగారం ద్వారా వేరేవాళ్లకి అంటదు, ఇది పక్కా, ఈ ఒక్క మాట చెప్పినప్పుడు మనుషుల ముఖాలు ఎట్ల మారుతయో చూడు. కానీ స్టాఫే ఈ మాట చెప్పడానికి భయపడ్తరు. ఇంక రహస్యం, ఒక చోట ఫైల్ మీద ఎర్ర పెన్నుతోని పెద్దగ రాసి పెట్టేటోళ్లు, వార్డుల ఆయమ్మ దాక అందరికి తెలిసిపోయేది. 2018 సెప్టెంబర్ 10 నుంచి హెచ్ఐవీ చట్టం అమల్ల ఉంది, ఒప్పుకోలు లేకుండ టెస్ట్ చెయ్యొద్దు, స్టేటస్ బయట పెట్టొద్దు, ఉద్యోగంల, ఆసుపత్రిల, కిరాయి ఇంట్ల వివక్ష చూపొద్దు. జరిగితే రాతపూర్వకంగ ఫిర్యాదు చెయ్యి, నోటితోని కాదు. నెగెటివ్ వచ్చిన వాళ్లని కూడా "హమ్మయ్య పో" అని పంపకు, రిస్క్ అట్లనే ఉంటది కదా, అట్లాంటి వాళ్లని వెంబడించి చూస్కోవడానికే సంపూర్ణ సురక్ష కేంద్రాలు పెట్టిన్రు, నీకు దగ్గరల ఏదుందో కనుక్కో.

వలస కూలీలు, లారీ డ్రైవర్లు వేరే ప్రాజెక్టులల్ల ఉంటరు, నీ పరిధి కాదు కాబట్టి వదిలేస్తున్న. సూదులతో డ్రగ్స్ తీసుకునే సంగతి మాత్రం కండ్లు తెరిచి చూడు, మన ఊర్ల లేదు అనుకునే రోజులు పోయినయ్. ఎవరన్న దొరికితే తిట్టకు, కొత్త సూదులు, ఓఎస్‌టీ, అంటే ఆ డ్రగ్స్ బదులు మందు ఇచ్చే సెంటర్, దారి చూపెట్టు.

ఇగ నీ 60 వేలు. వారంల రెండు సాయంత్రాలు సెంటర్ తెరిచి ఉంచడానికి, స్టాఫ్‌ని ఇంటికి దించే ఆటోలకి కొంత. రాత్రి ఫోనుకి ఒక చిన్న సెట్, రీఛార్జ్, ఎత్తే పీర్‌కి నెలకి ఇంత అని ఖాయంగ. కోర్టు ఆర్డర్ తెలుగు కాపీలు, అవి లామినేషన్ చేయించు, చెమటకి పాడైతయ్. సెంటర్ల ఒక పెద్ద అద్దం, మంచి లైటు, శుభ్రమైన బాత్రూం, తాళమున్న నాలుగు లాకర్లు, నవ్వకు, తయారవ్వడానికి వచ్చే చోటికే టెస్టుకి కూడా వస్తరు. మిగిలిందంతా వాళ్లతో పాటు ఆసుపత్రికి పోయే ఆటో ఖర్చులకి, మొదటిసారి ఐసీటీసీకి, మొదటిసారి ఏఆర్‌టీకి పోయేటప్పుడు ఎవ్వర్ని ఒంటరిగ పంపకు. అకౌంట్స్ వాళ్లు ఆటోకి బిల్లు ఏదని అడుగుతరు, వోచర్ మీద పేరు రాయమంటరు, రాయకు, నీ లైన్‌లిస్ట్ కోడ్ రాయి, పీర్‌తోని సంతకం పెట్టించు. ఒప్పుకోకుంటే నాకు చెప్పు, మా దగ్గర ఆడిట్‌ల పాసైన వోచర్ నమూనా ఉంది, పంపిస్తా.